ఐదుకి మూడు

మరీసా కపుటో మా వెల్డింగ్ షెడ్డులో అడుగుపెట్టిన మొదటిరోజే నేను ఆమె మీద అరిచాను.

"కళ్లు మూసుకో!"

ఆమె మూసుకోలేదు. నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "ఎందుకు మూసుకోవాలి? ఇంతకీ మీరెవరు నాకు చెప్పడానికి?" అంది. న్యూజెర్సీ మనిషి. అక్కడ ఎవరైనా కళ్లు మూసుకోమంటే ముందు హ్యాండ్‌బ్యాగు పట్టుకుంటారట.

ఈలోగా నా విద్యార్థి డ్వేన్ అటు పక్కన మంట వెలిగించబోతున్నాడు. నేను రెండంగల్లో వెళ్లి నా తోలు చేతితొడుగు ఆమె మొహానికి అడ్డం పెట్టాను. ఆ తొడుగు వయసు ఆరేళ్లు. దాని వాసన గురించి ఆమె తర్వాత నాకు చాలాసార్లు చెప్పింది, ప్రతిసారీ కొత్త మాటలతో.

"వెల్డింగ్ మంటని ఉత్తి కళ్లతో చూస్తే సాయంత్రానికి కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది," అన్నాను.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"చెప్పాను."

"చెప్పలేదు. ఆర్డరేశారు. కారణం ఇప్పుడు చెప్పారు, అదీ నేను అడిగితే. మాటల్లో ఇంత పొదుపేంటండీ మీ ఊళ్లో?"

మా ఊరు డులూత్, దేశానికి ఉత్తరపు కొసన, సరస్సు ఒడ్డున. జనవరి నెల. బయట సున్నాకి ఇరవై కింద ఉంది. అలాంటి చోట నోరు తెరిస్తే లోపలి వేడి బయటికి పోతుంది. ఈ సంగతి ఆమెకి వివరించాలంటే మళ్లీ నోరు తెరవాలి కదా అని ఊరుకున్నాను.

ఆమె చేతిలో ఓ అట్టపెట్టె ఉంది. అందులో ఐదు వందల కార్డులు. ఒక్కో కార్డు మీద ఒక్కో ఘనమైన ఇంగ్లీషు మాట. మా డీన్ వాట్లీ వాటిని ఎక్కడో సదస్సులో చూసి మనసు పారేసుకుని కొనుక్కొచ్చాడు. అరిజోనా నుంచి వచ్చిన మనిషి. అయిదో శీతాకాలం గడుస్తున్నా బూట్లు ఇంకా కొత్తగానే ఉన్నాయంటే బయట ఎంత నడుస్తాడో తెలుసుకోవచ్చు. కాలేజీ పిల్లలకి పదసంపద పెరిగితే భవిష్యత్తు దానంతటదే పెరుగుతుందని ఆయన సిద్ధాంతం. ముందుగా ఎవరికి పెంచుదామని చూస్తే, అందరికంటే తక్కువ మాట్లాడే వెల్డింగ్ వాళ్లు దొరికారు. నా ఇరవై రెండు మంది.

వాళ్లకి మాటలు నేర్పడానికి వచ్చిన మరీసా ఉద్యోగం ఒక్క టర్ముకే. మే నెలలో విద్యార్థుల అభిప్రాయాలు, తోటి టీచరు ఒకరి అభిప్రాయం చూసి ఉంచాలో పంపాలో తేలుస్తారు. ఆ తోటి టీచరుగా డీన్ నన్ను వేశాడు. షెడ్డుకి దగ్గరగా ఉన్నది నేనేనట.

మూడు వారాలు తిరక్కుండానే కార్డులు పనిచేశాయి. డ్వేన్‌కి యాభై నాలుగేళ్లు, ఇనుప గని మూతపడ్డాక మళ్లీ చదువుకి వచ్చిన మనిషి. ఓ రోజు అతని తొడుగుకి నిప్పంటుకుంది. ఇలాంటివాటికి ఓ రిపోర్టు రాయాలి. ఎప్పుడూ అతను "తొడుగు కాలింది" అని రాసి సంతకం పెడతాడు. ఈసారి కార్డులు ముందు పరుచుకుని గంటసేపు రాశాడు.

"మధ్యాహ్న సమయమున మదీయ హస్తకవచము అగ్నికి ఆహుతి అయ్యెను. తత్పర్యవసానముగా నేను దిగ్భ్రాంతికి లోనైతిని."

భద్రతా విభాగం వాళ్లు కంగారుగా ఫోన్ చేసి, పోయినతను ఎవరని అడిగారు.

"చెయ్యి కాలిందా డ్వేన్?" అన్నాను.

"లేదబ్బాయ్. దిగ్భ్రాంతికే లోనయ్యాను," అన్నాడు గర్వంగా.

ఆ కాగితం పట్టుకుని మరీసా గదికి వెళ్లాను. దారి పొడుగునా తిట్లు కూర్చుకున్నాను. తీరా గుమ్మం దగ్గరికి వెళ్లేసరికి మా ఊరి బుద్ధి బయటపడింది.

"ఇది కొంచెం డిఫరెంట్‌గా ఉందండీ," అన్నాను.

మా ఊళ్లో అంతకంటే పెద్ద తిట్టు లేదు. పాపం ఆమెకి తెలియదు. "థాంక్యూ" అంది. కాగితం చదివింది. ఓ క్షణం గంభీరంగా ఉండబోయింది కానీ వల్లకాలేదు. టేబుల్ మీద తల ఆనించి, భుజాలు అదిరిపోయేలా నవ్వింది. కళ్లు తుడుచుకుని, మళ్లీ "దిగ్భ్రాంతి" దగ్గరికి వచ్చి మళ్లీ నవ్వింది.

నాకప్పుడే ఏదో అయింది. ఏమయిందో చెప్పడానికి నా దగ్గర మాట లేదు. ఆమె కార్డుల్లో కూడా లేదు, తర్వాత వెతికాను.

"ఇవి నావి కావు, మీ డీన్‌వి," అంది. పెట్టె తీసి, కుంటుతున్న టేబుల్ కాలి కింద పెట్టింది. టేబుల్ కుదురుకుంది. ఆ ఐదు వందల కార్డులూ మా కాలేజీకి చేసిన సేవ అంతే. "ఇంతకీ మీవాళ్లు మామూలుగా ఎలా మాట్లాడతారు?"

"మాట్లాడరు."

"మరి ఏదైనా బాగుంటే ఏమంటారు?"

"ఫర్వాలేదంటారు."

"బాగా బాగుంటే?"

ఆలోచించాను. "బాగానే ఫర్వాలేదంటారు."

మర్నాడు ఆమె బోర్డు మీద మూడు మాటలు రాసి పెద్ద అడ్డగీత కొట్టింది. ఫర్వాలేదు. డిఫరెంట్‌గా ఉంది. బానే ఉంది. క్లాసులో ఈ మూడూ నిషేధం. నోరుజారి అన్నవాళ్లు లేచి నిలబడి, దాని బదులు ఐదు మాటలు చెప్పి కూర్చోవాలి. మొదటి వారం క్లాసంతా నిలబడే ఉంది.

నేను వెనక బెంచీలో కూర్చుని గమనించాలి. గమనించాను. ఏం గమనించానంటే, ఆమెకి కోపం వస్తే చెయ్యి చాక్‌పీసుని రెండుగా విరుస్తుంది. సంతోషం వచ్చినా విరుస్తుంది. ఏది ఎప్పుడో తెలుసుకోవాలంటే మొహం చూడాలి. అందుకని మొహం చూసేవాణ్ణి, పూర్తిగా డ్యూటీ ప్రకారం.

ఒకరోజు ఆమె అడిగింది. "అతుకు పాడైందనుకోండి. మీరేమంటారు?"

ఇరవై రెండు మంది ఒక్కసారి మేలుకున్నారు. "బుడగ పట్టింది." "చిట్టెం చిక్కింది." "అంచు తినేసింది." "చిల్లి పడింది." "పైపైన అంటుకుంది." "లోపల చీలింది." బోర్డు నిండిపోయింది. పదిహేడు మాటలు, దేనికది వేరు.

"అమ్మో!" అంది మరీసా. "మీకు మాటలు రావని ఎవడన్నాడు? సరే, అతుకు బాగా కుదిరితే?"

అందరూ బోర్డు మీది పదిహేడు మాటల్నీ మళ్లీ చదువుకున్నారు.

"చెడుకి పదిహేడు. మంచికి ఒక్కటి కూడా లేదా?"

డ్వేన్ గొంతు సవరించుకున్నాడు. "ఒకటుంది టీచరమ్మా. 'నిలబడుతుంది' అంటాం. కానీ ఊరికే అనం. నా ముప్పై ఏళ్ల గని పనిలో నాలుగుసార్లు విన్నానేమో. ఒకసారి వెనక బెంచీలో ఉన్న ఈ అబ్బాయి వాళ్ల నాన్న నోటే విన్నాను. ఆ రోజు తేదీ కూడా గుర్తుంది."

మరీసా ఆ మాటని బోర్డు మీద మిగతా పదిహేడింటికీ దూరంగా, ఒంటరిగా రాసింది. చాక్‌పీసు రెండుగా విరిగింది. నేను మొహం చూశాను. సంతోషమే.

ఆ తర్వాత ఆమె మాకు ఉన్న మాటల మీదే కొత్త మాటలు కట్టడం మొదలుపెట్టింది. పిల్లలు పెద్దమాటల జోలికి పోకుండా సరైన మాట కోసం కొట్టుకునేవాళ్లు. చలి కోస్తోందా, కరుస్తోందా, పిండుతోందా అని డ్వేనూ ఓ కుర్రాడూ కారు పార్కింగులో పావుగంట వాదించుకున్నారు. అలా నిలబడ్డందుకు ఇద్దరికీ జలుబు చేసింది.

మధ్యాహ్నాలు మేమంతా క్యాంటీన్లో కూర్చునేవాళ్లం. క్యాంటీన్ నడిపేది మా అమ్మ ఇంగ్రిడ్. ఆమె చేసే ఖర్జూరం బార్లు, అంటే పలకలుగా కోసిన మిఠాయి, పళ్లెం నిండా పెడితే పది నిమిషాల్లో ఒక్క ముక్క మిగులుతుంది. ఆ ఆఖరి ముక్క మా ఊళ్లో ఎవరూ తీసుకోరు. ఒకరు సగం కోస్తారు. ఇంకొకరు ఆ సగంలో సగం కోస్తారు. చివరికి చీమకి సరిపడా ముక్క మిగిలితే, దాన్ని అందరూ మర్యాదగా చూస్తూ కూర్చుంటారు.

"దాన్ని ఎవరైనా తినొచ్చుగా?" అంది మరీసా నా చెవిలో.

"బాగుండదు."

"ఎవరికి? బారుకా?"

ఏప్రిల్లో మంచూ వానా కలిసి పడుతున్న ఓ సాయంత్రం ఆమెతో కారు దాకా నడిచాను. గొడుగు ఒకటే. నా ఎడమ భుజం పూర్తిగా తడిసింది. దాని గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు.

"నీల్స్ హౌగెన్," అంది. అప్పటికి "మీరు" పోయి "నువ్వు" వచ్చింది. "ఓ పరీక్ష. ఆ మూడు మాటలూ వాడకుండా చెప్పు. నేనెలా ఉంటాను?"

నోరు తెరిచాను. వాన పడుతోంది. ఆమె కనురెప్పల మీద మంచుపలుకు ఒకటి కరుగుతోంది.

"నీ కారు టైర్లు అరిగిపోయాయి," అన్నాను.

"సున్నా," అని కారెక్కి వెళ్లిపోయింది.

ఆమెకి తెలియనిదేంటంటే, మా ఊళ్లో ప్రేమని చెప్పరు. జనవరి నుంచీ రోజూ సాయంత్రం ఆమె కారు అద్దాల మీద మంచు గీకి పెడుతున్నది నేను. ఇంతకంటే ఏం చెప్పాలి, చేతులు కొంకర్లు పోతుంటే?

మే నెల వచ్చింది. అభిప్రాయాల ఫారాలు నింపాం. ఓ మంగళవారం మధ్యాహ్నం మరీసా క్యాంటీన్లో నా ఎదుట కూర్చుని ఓ కాగితం తోసింది. మొహం పాలిపోయింది.

"మూడు," అంది. "ఐదుకి మూడు. బోధన మూడు, శ్రద్ధ మూడు, ఉపయోగం మూడు. ఇరవై రెండు మందీ కూడబలుక్కున్నట్టు మూడే వేశారు. డీన్ చెప్పేశాడు. వచ్చే ఏడాదికి వద్దట."

"ఆగు, ఆగు. మూడంటే మంచి మార్కు!"

"ఏ లోకంలో?"

"ఇక్కడ! మా దగ్గర ఐదు ఎవరూ వెయ్యరు. ఐదు దేవుడికి. నాలుగు, పోయిన అమ్మమ్మకి. బతికున్నవాళ్లకి ఎవరికైనా మూడే. అంతకు మించితే నెత్తికెక్కించుకున్నట్టు. ఈ లెక్క డీన్‌కి తెలియదు, వేరే రాష్ట్రం మనిషి."

ఆమె మొహంలో కాస్త రంగు వచ్చింది. వచ్చి ఆగిపోయింది. కాగితం తిరగేసింది. "పిల్లల సంగతి సరే. ఇది తోటి టీచరు ఫారం. పేరు లేదు కానీ చేతిరాత నాకు తెలుసు. ఇందులోనూ మూడే. కింద అభిప్రాయం రాయమంటే ఒక్క మాట. 'ఫర్వాలేదు.'"

నేను బల్ల వంక చూశాను.

నిజం చెప్తున్నాను. ఆ ఫారం ముందు నలభై నిమిషాలు కూర్చున్నాను. ఐదు దగ్గర పెన్ను పెట్టాను. చెయ్యి దానంతటదే మూడు దగ్గరికి జారింది. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారని భయమేసింది. ఆ గదిలో నేను తప్ప ఎవరూ లేరు.

"మరీసా, నేను రోజూ నీ కారు మీద మంచు..."

"ఆ గీకింది నువ్వా?" ఆమె గొంతు పెరిగింది. చుట్టుపక్కల బల్లలవాళ్లు మర్యాదగా కిటికీలోంచి బయటికి చూశారు. "కాలేజీ వాళ్లనుకున్నాను! డీన్‌కి థాంక్స్ చెబుతూ ఉత్తరం కూడా రాశాను! 'ఇది మా ధర్మం' అని జవాబిచ్చాడు ఆ మహానుభావుడు!"

"చెబుదామనే అనుకున్నాను..."

"నాలుగు నెలలు నీల్స్. నాలుగు నెలలు వెనక బెంచీలో కూర్చున్నావు. నీ నోట్లోంచి ఇంకో మాట రప్పించలేకపోయానంటే, నేను నిజంగానే చెడ్డ టీచర్ని. డీన్ చేసింది న్యాయమే." లేచింది. "శనివారం బయల్దేరుతున్నాను."

ఆమె వెళ్లాక మా అమ్మ వచ్చి బల్ల తుడిచింది. అప్పటికే తుడిచిన బల్లని మూడుసార్లు తుడిచింది. "ఆ పిల్ల రాకముందు," అంది, "ఈ క్యాంటీన్లో చెంచాల చప్పుడు తప్ప ఏం వినబడేది కాదు." అంతే అని లోపలికి వెళ్లిపోయింది. మా అమ్మకి అది ఉపన్యాసం.

సాయంత్రం షెడ్డులో పిల్లలకి విషయం చెప్పాను. అందరూ కొయ్యబారిపోయారు.

"మూడు వేస్తే తీసేస్తారా?" అన్నాడు డ్వేన్. "నా పెళ్లికి మా మావగారు నాకు రెండున్నర ఇచ్చాడబ్బాయ్. ముప్పై ఏళ్లు కాపురం చేశాను!"

శుక్రవారం పొద్దున ఇరవై మూడు మందిమి డీన్ గదికి వెళ్లాం. ఉన్న కుర్చీలు నాలుగు. మిగతావాళ్లం బూట్లకున్న బురదతో సహా ఆయన తెల్ల కార్పెట్ మీద నిలబడ్డాం.

"మీ ఆవేదన అర్థమైంది," అన్నాడు డీన్. "కానీ ఫారాలు మూసేశాం. అంకెలు అంకెలే. నేను చేయగలిగింది లేదు."

"అట్లాగా," అన్నాడు డ్వేన్. రెండు మోకాళ్ల మీదా అరిచేతులతో చరిచి, "సరే మరి," అన్నాడు.

డీన్ హాయిగా లేచి చెయ్యి చాపాడు. పాపం, ఐదేళ్లుగా ఇక్కడ ఉంటూ కూడా ఆయనకి తెలియదు. మా ఊళ్లో "సరే మరి" అంటే వెళ్తున్నామని కాదు. వెళ్లడం గురించి ఆలోచించడం మొదలుపెట్టామని. అక్కడినుంచి గుమ్మం దాకా గంట పడుతుంది.

డ్వేన్ కదల్లేదు. సరస్సు మీద మంచు ఈ ఏడు ఆలస్యంగా కరిగిందన్నాడు. ఇంకొకడు, పోయినేడు ఇంకా ఆలస్యమన్నాడు. పక్కవాడు తన బావమరిది ట్రక్కు గురించి ఎత్తుకున్నాడు. "సరే మరి," అన్నారు ఇద్దరు ముగ్గురు. డీన్ మళ్లీ లేచాడు. ఎవరో ఆయన తల్లిదండ్రుల ఆరోగ్యం అడిగారు. మళ్లీ కూర్చున్నాడు. నలభై నిమిషాలకి ఆయన టై వదులైంది.

నాకు మాత్రం వాతావరణం గురించి ఒక్క ముక్క కూడా రాలేదు. ఇంకా ఒక్క రోజే ఉంది. రేపు ఆ కారు వెళ్లిపోతుంది, అదీ అరిగిపోయిన టైర్లతో.

"ఆ తోటి టీచరు ఫారం నాది," అన్నాను. "మూడు వేసింది నేనే. అది అబద్ధం డీన్ గారూ. ఆవిడ ఐదు. నాకు సిగ్గు ఎక్కువ అనుకునేవాణ్ణి. సిగ్గు కాదు, పిసినారితనం. నా దగ్గర మంచి మాట ఉండి కూడా ఎవరికీ ఇవ్వలేదు. మా నాన్న ఈ ఊళ్లో అందరికంటే గొప్ప వెల్డరు. ఆయన పోయేదాకా ఆ ముక్క ఆయనకి చెప్పలేదు. ఆవిడ క్లాసులో కూర్చున్నాకే అది గుర్తొచ్చి ఏడుపొచ్చింది. మీ ఐదు వందల కార్డులూ ఆ పని చెయ్యలేవు. ఇంకోటి. కారు మంచు గీకింది కూడా నేనే, మీరు కాదు. ఆవిడంటే నాకు ఇష్టం. చాలా ఇష్టం. 'చాలా' అని నేను ఇంతవరకూ దేన్ని గురించీ అనలేదు. చలి గురించి కూడా."

ఇరవై రెండు మందీ ఒక్కసారిగా తమ బూట్ల వంక చూసుకున్నారు. మా ఊళ్లో ఇంత పచ్చిగా ఎవరూ మాట్లాడరు. ఒక కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి.

"ఇది నాకు చెప్పాల్సిన మాట కదా?" అని వినబడింది. "డీన్‌కి చెబుతావేంటి?"

గుమ్మంలో మరీసా. డీన్ తన గదిలోంచి మమ్మల్ని పంపించే మార్గం కోసం ఆమెకే కబురు పెట్టాడట.

"నీకు చెబితే సున్నా వేస్తావని," అన్నాను.

ఆమె చేతిలో కారు తాళాలున్నాయి. అవి చాక్‌పీసుల్లా విరిగేవే అయితే విరిచేసేదే. నేను మొహం చూశాను.

"సరే మరి," అన్నాడు డ్వేన్, ఇంకా స్థిరంగా కూర్చుంటూ.

డీన్ వాట్లీ రెండు చేతులూ ఎత్తేశాడు. "ఇంకో ఏడాది! ఆవిణ్ణి ఇంకో ఏడాది ఉంచుతున్నాను! రాసి ఇస్తాను! దయచేసి బయల్దేరండి!"

"ఫర్వాలేదు," అన్నాడు డ్వేన్ తృప్తిగా. మరీసా వెంటనే వేలు చూపించింది. యాభై నాలుగేళ్ల మనిషి డీన్ గదిలో లేచి నిలబడి ఐదు మాటలు చెప్పాడు. అదనంగా పన్నెండు నిమిషాలు పట్టింది.

అక్కడినుంచి అందరం క్యాంటీన్‌కి వచ్చాం. అమ్మ ఏమీ అడక్కుండా పళ్లెం నిండా బార్లు పెట్టింది. మరీసా నా పక్కన కూర్చుంది. బల్ల కింద ఆమె చెయ్యి నా చేతిలోకి వచ్చింది. పట్టుకున్నాను. ఎవరూ చూడనట్టు అందరూ చూశారు.

"టైర్లు ఎప్పుడు మారుస్తావ్?" అంది నెమ్మదిగా.

"మధ్యాహ్నం."

"మార్చు. అయినా ఆ సున్నా అలాగే ఉంటుంది. ఇవాళ్టిది వేరే పరీక్ష."

పళ్లెంలో ఒక్క ముక్క మిగిలింది. డ్వేన్ కత్తి తీసుకుని సగం కొయ్యబోయాడు. మరీసా చెయ్యి చాపి, ఆఖరి ముక్కని సగం చెయ్యకుండా, ఎవరినీ అడక్కుండా తీసుకుని నోట్లో పెట్టుకుంది.

డ్వేన్ చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది. మరీసా తాపీగా నమిలి, వేళ్లు తుడుచుకుని, "అద్భుతంగా ఉందండీ ఇంగ్రిడ్ గారూ," అంది, అందరికీ వినబడేలా.

మా అమ్మ కౌంటరు వెనకనుంచి ఆమెని చాలాసేపు చూసింది. అప్రన్‌కి చేతులు తుడుచుకుంది. ఓ వెల్డరుతో ముప్పై ఒక్క ఏళ్లు కాపురం చేసిన మనిషి.

"నిలబడుతుంది," అంది నాతో, మరీసా వైపు గడ్డం చూపించి, ఇంకో పళ్లెం తేవడానికి లోపలికి వెళ్లింది.

డ్వేన్ గోడ మీది క్యాలెండర్ వంక చూశాడు, తేదీ గుర్తుపెట్టుకోవడానికి. నా గురించి మా అమ్మ ఆ మాట ఇంతవరకూ అనలేదు.